ఆరు నెలలకోసారి పళ్ల క్లీనింగ్: అవసరమా, క్లినిక్ వాళ్ల బేరమా?

బెజవాడ బుల్లోడు:
మా వీధి క్లినిక్ నుంచి "మీ క్లీనింగ్ టైమ్ అయింది" అని మెసేజ్ మీద మెసేజ్. నాకు నొప్పి లేదు, చిగుళ్లలోంచి రక్తం రాదు, రెండు పూటలా బ్రష్ చేస్తాను. మా ఆవిడ వెళ్లి రమ్మంటుంది. మా అమ్మేమో ఆ మెషిన్ దగ్గరికే పోవద్దు, పక్కింటాయన చేయించుకున్నాక పళ్లన్నీ కదిలిపోయాయి అంటుంది. బండి సర్వీసింగ్ లాగా జనానికి అలవాటు చేసేసిన వ్యవహారమేమో అని నా అనుమానం. తెలిసినవాళ్లు చెప్పండి, తిట్టేవాళ్లు తిట్టండి.

కాకినాడ పళ్ల డాక్టర్:
ముందు అమ్మగారి భయం సంగతి చూద్దాం. పళ్లు కదిలేది మెషిన్ వల్ల కాదండి. పాచిని వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ పట్టి గట్టిపడి గార అవుతుంది. దాని మీద మళ్లీ పాచి, దాంతో చిగురు వాపు, లోపల పంటిని పట్టి ఉంచే ఎముక ఏళ్ల తరబడి తరిగిపోతూ ఉంటుంది, నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. చివరికి వదులైన పళ్లను ఒకదానికొకటి అతికించి నిలబెట్టేది ఆ గారే. అది తీయగానే పన్ను కదులుతుంది, నింద మాత్రం మా నెత్తిన పడుతుంది. "సందులు పడ్డాయి" అనేది కూడా ఇంతే, ఇన్నాళ్లూ ఆ సందుల్లో గార ఉంది. చల్లనీళ్లు కొన్నాళ్లు జివ్వుమనిపిస్తాయి, అది మాత్రం నిజం.

కింది ముందు పళ్ల వెనక వైపు నాలుకతో తడిమి చూడండి. లాలాజలం ఊరే నాళాలు అక్కడే తెరుచుకుంటాయి, గార ముందు పట్టేది అక్కడే. గరుకుగా, మెట్టులా తగిలిందంటే ఇక ఎంత బ్రష్ చేసినా పోదు.

మిర్యాలగూడ మొండోడు:
డాక్టర్ గారూ, గార ఉన్నవాడికి తీయాలి, ఒప్పుకుంటా. కానీ అడిగింది అది కాదు కదా, ఈ "ఆరు నెలలు" ఎక్కడి లెక్క? 2018లో కాక్రేన్ వాళ్లు (వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) అధ్యయనాలన్నీ వడబోస్తే పనికొచ్చేవి రెండే మిగిలాయి, రెండూ బ్రిటన్‌వి, కలిపి 1711 మంది. ఆరు నెలలకోసారి చేయించుకున్నా, ఏడాదికోసారి చేయించుకున్నా, అసలు ఆ లెక్కే పెట్టుకోకపోయినా రెండు మూడేళ్లకు చిగుళ్ల వాపులో, రక్తస్రావంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అదే బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2004లోనే పెద్దవాళ్ల చెకప్ గడువు 3 నెలల నుంచి 24 నెలల దాకా మనిషిని బట్టి ఉండాలని చెప్పింది. మనకేమో అందరికీ ఒకటే మెసేజ్.

ఇంకోటి. మాది నల్లగొండ వైపు, ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లం, పళ్ల మీద గోధుమరంగు చారలుంటాయి. చిన్నప్పుడు పన్ను తయారయ్యేటప్పుడే ఎనామిల్ (పంటి గట్టి పైపొర) లోపల పడ్డ మచ్చలవి. హైదరాబాద్‌లో ఒక క్లినిక్ వాళ్లు మా తమ్ముడికి క్లీనింగ్‌తో పోతాయని చెప్పి రెండు సిట్టింగుల డబ్బు గుంజారు. చారలు ఎక్కడికీ పోలేదు, డబ్బే పోయింది.

కాకినాడ పళ్ల డాక్టర్:
ఫ్లోరోసిస్ మాట నూటికి నూరుపాళ్లు కరెక్ట్. స్కేలింగ్‌తో (అంటే ఈ క్లీనింగ్‌తో) ఆ చారలు పోతాయని చెప్పినవాడి దగ్గర్నుంచి లేచి వచ్చేయడమే.

కానీ ఆ అధ్యయనాల్లో ఎవరిని చూశారో కూడా రాయాలి కదండీ. క్రమం తప్పకుండా డెంటిస్ట్ దగ్గరికి వెళ్లేవాళ్లను, చిగుళ్ల జబ్బు ముదరనివాళ్లను చూశారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది నలభై దాటాక మొదటిసారి డెంటిస్ట్ ముందు నోరు తెరుస్తారు, ఒకరికి ఖైనీ, ఒకరికి షుగర్, కొందరికి రెండూ. షుగర్ ఉంటే చిగుళ్లు త్వరగా పాడవుతాయి, చిగుళ్లు పాడైతే షుగర్ అదుపులోకి రావడం కష్టం. చిగుళ్ల జబ్బుకు వైద్యం చేస్తే మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష) సగటున 0.43 శాతం పాయింట్ల మేర తగ్గిందని 2022లో చెప్పింది కూడా మీ కాక్రేన్ వాళ్లే. ఇలాంటివాళ్లను ఆరు నెలలు కాదు, మూడు నెలలకే రమ్మంటాను. మీ పళ్లు బాగున్నాయంటే ఏడాది ఆగండి, నాకేం అభ్యంతరం లేదు.

డల్లాస్ పిన్ని:
ఇక్కడ చాలా ఇన్సూరెన్సుల్లో ఏడాదికి రెండు క్లీనింగులకు జేబులోంచి పైసా పెట్టక్కర్లేదు, నిజం చెప్పాలంటే అందుకే వెళ్తాం. చేసేది డాక్టర్ కాదు, హైజీనిస్ట్. ఒక్కో పన్ను చుట్టూ సన్నటి పుల్లలాంటి పరికరం దించి, చిగురు ఎంత లోతు వదిలిందో మిల్లీమీటర్లలో పైకి చదువుతుంది. ఇండియా వచ్చినప్పుడు నేను వెళ్లిన చోట ఆ కొలతే తీయలేదు, పావుగంటలో ముగించేసి పళ్లు తెల్లగా చేసే ప్యాకేజీ గురించి మొదలుపెట్టారు. కొలవకుండా ఆరు నెలలకు రమ్మనేవాళ్లను ఎలా నమ్మాలి?

పల్లెటూరి పెద్దాయన:
మా తాత జీవితాంతం వేపపుల్లే. ఎనభై ఏళ్లప్పుడు చెరుకుగడ కొరికాడు. మీరంతా ఏ మెషిన్‌తో కొరుకుతారో చూస్తా.

మిర్యాలగూడ మొండోడు:
పెద్దాయనా, చెరుకు కొరికిన తాత గురించి అందరూ చెప్తారు, యాభైకే బోసినోరైన తాత ఊసు ఎవరూ ఎత్తరు 😀 వేపపుల్లతో పాచి పోతుంది, గార పోదు. దాంతోపాటు బొగ్గు, ఇటుకపొడి వేసి రుద్దితే ఎనామిల్ కూడా అరుగుతుంది. ఈ ఒక్క విషయంలో నేను డాక్టర్ గారి పార్టీయే.

డెంటల్ స్టూడెంట్ పిల్ల:
డబ్బు గురించి ఆలోచించేవాళ్లకు: హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆస్పత్రులున్నాయి. ప్రైవేట్ కాలేజీల్లో కూడా బయటి క్లినిక్ కంటే బాగా తక్కువ, మాకు పేషెంట్లు కావాలి మరి. చేసేది మాలాంటి స్టూడెంట్లే, పైన మా సార్లు చూస్తారు. పూట మొత్తం పోతుంది, కానీ తొందరపడి ముగించం. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా, గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, వాల్వ్ మార్చినా కుర్చీ ఎక్కకముందే చెప్పండి, చాలామంది పళ్ల పనే కదా అని దాచేస్తారు.

బెజవాడ బుల్లోడు:
విజయవాడ కాలేజీకి ఆదివారం వెళ్లొచ్చా? మిగతా రోజుల్లో ఆఫీసు.

డెంటల్ స్టూడెంట్ పిల్ల:
ఆదివారం ఓపీ ఉండదు అన్నా. ఒక పూట సెలవు పెట్టి పొద్దున్నే రండి, ఎండెక్కితే లైన్ పెరిగిపోతుంది.