కూడవెల్లి గుడి అలంపూర్‌కు వచ్చాక కూడా సంగమేశ్వరాలయమేనా?

నదీతీరవాసి:
కూడవెల్లిలో కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉండిన సంగమేశ్వరాలయాన్ని, శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని, రాయి రాయీ విప్పి అలంపూర్ దగ్గర తిరిగి కట్టారు. చోటు పోయాక మిగిలింది రాళ్ల కూర్పే కాని చరిత్ర కాదని నా అభిప్రాయం. సంగమం లేని సంగమేశ్వరుణ్ణి చూపి పిల్లలకు ఏమని చెబుతాం?

అలంపూర్ వాసి:
అయ్యా, మీ బాధ నాకు అర్థమవుతుంది, కాని మీ తీర్పును ఒప్పుకోలేను. నేను పుట్టి పెరిగింది అలంపూర్‌లోనే. ఏటా పుష్యమాసంలో, మంచు విడవకముందే జోగులాంబ గుడి దగ్గర బయల్దేరి, నవబ్రహ్మ ఆలయాలనే తొమ్మిది శివాలయాల మీదుగా కూడవెల్లి గుడి దాకా నడుస్తాను. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించిన ఆ ఎర్ర ఇసుకరాయి గుళ్లను చూడవలసిన కాలం చలికాలమే. ఏటవాలు ఎండలో స్వర్గబ్రహ్మ ఆలయం గోడల మీద దిక్పాలకుల భుజాలు, నగల అంచులు విడివిడిగా తేలుతాయి. వేసవి మధ్యాహ్నం అదే గోడ చదునుగా కనిపిస్తుంది. ఎక్కువ గుళ్ల శిఖరాలు దక్షిణాది పద్ధతిలో అంతస్తులుగా లేవక, ఉత్తరాది రేఖానాగర పద్ధతిలో వంపు తిరిగి పైకి సాగుతాయి. ఆ కొసన ఉండే గట్లు గట్ల గుండ్రాయిని ఆమలకం అంటారు. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద భోజనం చేసిన వారెవరికైనా ఆ పేరు ఎందుకు వచ్చిందో విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. అష్టాదశ పీఠాల్లో ఐదవదైన జోగులాంబ గుడి పూర్వం ధ్వంసమైతే, అమ్మవారు బాలబ్రహ్మ ఆలయంలో ఉండి, 2005లో కొత్త గుడి కట్టాకే అందులోకి వచ్చింది. అక్కడ రాళ్లన్నీ కొత్తవే. అయినా అది శక్తిపీఠం కాదని ఎవరూ అనలేదు. కూడవెల్లి గుడికి రాళ్లు పాతవి, చోటు కొత్తది. ఒకదానిని అంగీకరించి మరొకదానిని తోసిపుచ్చడం న్యాయమా?

నదీతీరవాసి:
అమ్మవారు తన క్షేత్రంలోనే ఉండిపోయింది. సంగమేశ్వరుడు మాత్రం సంగమాన్ని విడిచి వచ్చాడు. ఆ తేడాను మీరు దాటవేశారు.

అలంపూర్ వాసి:
నిజమే, ఆ మాట నేను చెప్పి ఉండవలసింది. సంగమం పోయిందన్న నష్టాన్ని కాదనను. కాని దిగువన తరలించకుండా వదిలిన గుడి సంగతి కూడా చూడండి. సప్తనదీ సంగమేశ్వరం దగ్గర వేపదారు లింగం ఉన్న ఆలయం ఏడాదిలో ఎక్కువ కాలం శ్రీశైలం నీటి అడుగునే ఉండి, నీరు తగ్గిన వేసవిలో మాత్రమే బయటపడుతుంది. చోటు నిలిచింది, దర్శనం పోయింది. 2009 అక్టోబరు వరదల్లో మా ఊళ్లోకి కూడా నీరు వచ్చింది కనుక నది ఎంత దూరం రాగలదో మాకు తెలుసు.

కూడవెల్లి గుడి గోడ దగ్గర నిలబడి రాళ్ల అతుకులు చూడండి. పాత రాయి అంచు వానకు, గాలికి అరిగి వేలికి మెత్తగా తగులుతుంది. తిరిగి కట్టేటప్పుడు చేర్చిన రాయి అంచు పదునుగా ఉంటుంది. తరలింపు కూడా ఆ గోడ మీదే రాసి ఉంది. పిల్లలకు నేను ముందుగా ఆ అతుకే చూపిస్తాను, ఆ తరువాతే కూడవెల్లి ఎక్కడుండేదో చెబుతాను.