నొప్పి వైద్యుడిని మొదటిసారి కలవబోతున్నాను, ఎలా సిద్ధపడాలి?

ప్రశ్న

పెద్దలందరికీ నమస్కారం. నేను ఈ దేశానికి వచ్చి నాలుగు నెలలైంది. దాదాపు ఎనిమిది నెలలుగా నడుములో మొదలై ఎడమ కాలి పిక్క దాకా దిగే నొప్పితో బాధపడుతున్నాను. ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు నన్ను పెయిన్ మేనేజ్‌మెంట్ స్పెషలిస్టు దగ్గరకు పంపుతున్నారు, అపాయింట్‌మెంటు మూడు వారాల తర్వాత ఉంది. ఏం తీసుకువెళ్లాలో, ఏం అడుగుతారో తెలిసినవారు దయచేసి చెప్పండి. ఇంగ్లీషులో ఉద్యోగం చేసుకోగలుగుతున్నాను గాని, ఒంట్లోని బాధ చెప్పుకోవాలంటే మాటలు దొరకడం లేదు.

మొదటి జవాబు

తమ్ముడూ, మీ చివరి వాక్యంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మొదటిసారి వెళ్లినప్పుడు నాకు అడ్డుపడింది అదే. మెడ నుంచి చేతిలోకి దిగే నొప్పితో వెళ్లిన నన్ను, ఎలాంటి నొప్పి అని డాక్టరు అడిగితే, "చాలా నొప్పి" అన్న ఒక్క మాట తప్ప మరేమీ చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి మా అక్కతో ఫోనులో మాట్లాడుతూ, భుజం సలుపుతోందని, మోచేతి కింద మంటగా ఉందని, మెడ తిప్పితే వేళ్ల దాకా జివ్వుమంటోందని, చిటికెన వేలు మొద్దుబారిందని ధారాళంగా చెప్పుకున్నాను. డాక్టరుకు కావలసింది సరిగ్గా అదే. మంట, తిమ్మిరి, కరెంటు షాకు కొట్టినట్టుండటం తరచుగా నరానికి సంబంధించిన నొప్పిని సూచిస్తాయి. సలుపు, పట్టేయడం కండరాల నుంచో కీళ్ల నుంచో రావచ్చు. ఈ రెండింటికీ ఇచ్చే మందులు చాలాసార్లు వేరుగా ఉంటాయి. నొప్పిని వర్ణించే మాటలకు వైద్యంలో ఎంత విలువ ఉందంటే, రొనాల్డ్ మెల్జాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1975లో అలాంటి 78 మాటలను 20 వర్గాలుగా విభజించి ఒక ప్రశ్నావళినే తయారుచేశారు. కాబట్టి ముందు తెలుగులోనే రాసుకోండి, ఆ తర్వాత ఒక్కో మాటకు ఇంగ్లీషు మాట వెతుక్కోండి, దొరకనిచోట పోలిక చెప్పండి.

ఈ మూడు వారాలూ ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. పేజీలు నింపనవసరం లేదు. నా పుస్తకంలో ఒక రోజు ఇలా ఉంది: "మంగళవారం, ఉదయం 6:30. జడ వేసుకోవడానికి చేయి ఎత్తగానే భుజం నుంచి మోచేతి దాకా లాగింది. దువ్వెన జారిపోయింది. చేయి దించి రెండు నిమిషాలు కూర్చుంటే తగ్గింది. 6." చివరి అంకె, నొప్పి లేకపోతే 0, ఊహించగలిగిన అతి తీవ్రమైన నొప్పి అయితే 10 అనే కొలతలో నేను వేసుకున్నది. ఈ కొలత మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు. నమ్మరేమోనన్న భయంతో మనవాళ్లలో కొందరు ఎప్పుడూ 10 అంటారు, మరికొందరు మొహమాటంతో 3 అంటారు, రెండూ నష్టమే. తక్కువగా ఉన్నప్పుడు ఎంత, ఎక్కువైనప్పుడు ఎంత, మామూలుగా ఎంత అని మూడు అంకెలు చెప్పండి. నా ఉద్దేశంలో అంకెకన్నా ముఖ్యమైనది ఆ దువ్వెన సంగతి. ఎన్ని నిమిషాలు కూర్చోగలరు, ఎంత దూరం నడవగలరు, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోంది, ఏ పని మానేశారు అన్నవి రాసుకోండి.

మందుల విషయంలో జాగ్రత్త అవసరం. అక్కడి నుంచి తెచ్చుకున్న మాత్రల బ్రాండు పేర్లు ఇక్కడి డాక్టర్లకు తెలియకపోవచ్చు. స్ట్రిప్పు వెనుక చిన్న అక్షరాలతో ఉండే అసలు మందు పేరూ, ఎన్ని మిల్లీగ్రాములో, రోజుకు ఎన్ని వేసుకుంటున్నారో రాసుకుని, ఆ స్ట్రిప్పులు కూడా తీసుకువెళ్లండి. ఒకే మాత్రలో రెండు మందులు కలిసి ఉండటం మన దగ్గర మామూలు కాబట్టి, దానిలో ఉన్న పారాసిటమాల్‌నే ఇక్కడ మరో పేరుతో కొని రెండోసారి వేసుకునే ప్రమాదం ఉంది. మోతాదు మించితే అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఏ మందు పనిచేయలేదో, ఏది పడలేదో కూడా చెప్పండి. ఆయుర్వేద మందులున్నా దాచవద్దు.

రెండవ జవాబు

పైన చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తూ, కొన్ని మాటలు కలుపుతున్నాను. ఎమ్మారై తీసి ఉంటే రిపోర్టుతో పాటు చిత్రాలున్న సీడీ కూడా తీసుకువెళ్లండి. అయితే రిపోర్టులో డిస్కు ఉబ్బిందని ఉన్నంత మాత్రాన బెదిరిపోకండి, నొప్పి ఏమాత్రం లేనివారిలో కూడా అది తరచుగా కనిపిస్తుంది. అందుకే డాక్టరు స్వయంగా పరీక్ష చేస్తారు: పడుకోబెట్టి కాలు తిన్నగా పైకి లేపుతారు, మోకాలి మీద చిన్న సుత్తితో తడతారు, పాదంలో స్పర్శ చూస్తారు. వదులుగా ఉండే దుస్తులు వేసుకోండి.

నిద్ర గురించీ, దిగులు గురించీ కూడా అడుగుతారు. నొప్పంతా మనసులోనే ఉందంటున్నారని మా నాన్నగారు మొదట చాలా నొచ్చుకున్నారు. డాక్టర్ల ఉద్దేశం అది కాదు. వెన్నుపాములో నొప్పి సంకేతాలను హెచ్చించే, తగ్గించే ఏర్పాటు ఉందనీ, మెదడు నుంచి దిగే సంకేతాలు దాని మీద పనిచేస్తాయనీ మెల్జాక్, నాడీ శాస్త్రవేత్త పాట్రిక్ వాల్ 1965లోనే ప్రతిపాదించారు. నిద్రలేమీ, ఆందోళనా నొప్పిని నిజంగానే పెంచుతాయి. అందుచేత, డిప్రెషన్‌కు వాడే డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ వంటి మందు రాసిచ్చినా కంగారుపడకండి; డిప్రెషన్ లేకపోయినా నరాల నొప్పికి అవి పనిచేస్తాయి.

మొదటి రోజే ఇంజెక్షను ఇస్తారని అనుకోవద్దు. ఎప్పుడు ఇవ్వాలనుకున్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నట్టయితే ముందుగా చెప్పాలి, కాని వాటిని సొంతంగా ఆపకూడదు. షుగరు ఉన్నవారికి స్టెరాయిడు ఇంజెక్షను తర్వాత కొన్ని రోజులు చక్కెర పెరగవచ్చు. ఘాటైన మందులు రాసే ముందు కొన్ని చోట్ల మూత్ర పరీక్ష అడుగుతారు, ఒప్పందం మీద సంతకం చేయిస్తారు. అది అనుమానంతో చేసే పని కాదు. ఎవరి మాత్రలైనా అడిగి వేసుకునే అలవాటుంటే ఇప్పుడే మానేయండి.

ప్రశ్న అడిగిన సభ్యుడు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంకొక్క సందేహం. అసలు నొప్పి తెలియాలంటే ఆ రోజు మాత్రలు ఆపి వెళ్లాలా? నేను వేసుకుంటున్నది నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్.

మొదటి జవాబు ఇచ్చినవారు

ఆపవద్దు తమ్ముడూ. ప్రీగాబలిన్‌ను ఒక్కసారిగా మానేస్తే నిద్రపట్టకపోవడం, వికారం, చెమటలు వంటివి రావచ్చు. మాత్ర వేసుకున్నాక ఎంత తగ్గుతోందో చెబితే చాలు. మాట దగ్గర ఇబ్బంది అనిపిస్తే, దుభాషిని ఏర్పాటు చేయగలరా అని ఇప్పుడే ఫోను చేసి అడగండి, చాలా ఆసుపత్రులు చేస్తాయి. ఇక అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోయినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, పాదం ఉన్నట్టుండి పైకి లేవకపోయినా ఈ మూడు వారాలు ఆగవద్దు. అర్ధరాత్రి అయినా సరే, వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.