అమ్మకు ప్లస్ పవర్, లెన్స్ పెట్టుకోవడం ఎలా నేర్పాలి?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు):
మా అమ్మకు 61 ఏళ్లు. రెండు కళ్లకూ ప్లస్ అయిదు, పైగా చత్వారం. కంటి డాక్టరుగారు చూసి మల్టీఫోకల్ (దూరం, దగ్గర రెండూ కనపడే) కాంటాక్ట్ లెన్సులు రాశారు. షాపులో అమ్మాయి పెట్టినప్పుడు బాగానే కనపడింది. ఇంటికొచ్చాకే చిక్కు. కళ్లజోడు తీస్తే వేలి మీద లెన్సే కనపడదు, తీయకపోతే వేలు కంటిదాకా పోదు. నాన్న పక్కన నిలబడి “ఈ వయసులో ఈ సోకులెందుకే” అంటుంటే అమ్మకు ఇంకా టెన్షన్. ఎవరైనా పెద్దవాళ్లకు నేర్పించారా?

జవాబు (ఆప్టోమెట్రిస్ట్, గవర్నర్‌పేట):
ముందు మీ నాన్నగారిని టీవీ ముందు కూర్చోబెట్టండి.

చూసి చేయాల్సిన పనులన్నీ కళ్లజోడు ఉండగానే ముగించాలి. చేతులు సబ్బుతో కడిగి, నూలు రాలని గుడ్డతో పూర్తిగా తుడుచుకోవాలి. వేలు తడిగా ఉంటే లెన్స్ వేలినే పట్టుకుంటుంది, కంటికి అంటదు. లెన్సును చూపుడు వేలి కొసన నిలబెట్టి పక్కనుంచి చూడమనండి. అంచులు గిన్నెలా నిటారుగా ఉంటే సరి, పళ్లెంలా బయటికి వాలితే తిరగబడినట్టు. చాలా లెన్సులకు లేత నీలం రంగు ఉంటుంది కాబట్టి తెల్ల టవల్ పరిచి మంచి వెలుతురులో కూర్చుంటే తేలికగా దొరుకుతుంది. ఫ్యాన్ ఆపేయండి. మన ఎండలకు కష్టమే, కానీ ఫ్యాన్ గాలికి లెన్స్ ఎండుతుంది, ఎగిరిపోతుంది కూడా.

ఇప్పుడు రెండో చేత్తో కళ్లజోడు తీయాలి. ఇక్కడినుంచి చూపుతో పనిలేదు. ఆ చేతి వేలితో పై రెప్పను వెంట్రుకల మొదట్లో పట్టి ఎత్తాలి. చాలామంది కనుబొమ్మ దగ్గర లాగుతారు, అప్పుడు రెప్ప జారి మూసుకుంటుంది. వయసుతో రెప్పలు వదులవుతాయి కాబట్టి ఇది మరీ ముఖ్యం. లెన్స్ ఉన్న చేతి మధ్యవేలితో కింది రెప్ప దించి, ఎదురుగా ఒకచోట చూపు నిలిపి, వేలిని నెమ్మదిగా ఆనించాలి. నల్లగుడ్డు మీదికే రావాలని లేదు. తెల్లగుడ్డు మీద పడినా, మెల్లగా అటు చూసి కళ్లు మూసుకుంటే సర్దుకుంటుంది.

అద్దం కావాలంటే భూతద్దంలా పెద్దగా చూపించేది టేబుల్ మీద పడుకోబెట్టి, తల వంచి చూడమనండి. లెన్స్ జారినా టవల్ మీదే పడుతుంది. ఒక్కో అద్దం విడిగా కిందికి మడిచే మేకప్ కళ్లజోళ్లు కూడా దొరుకుతాయి. ఒక కన్ను వాటితో చూస్తుంటే రెండో కంటికి పెట్టుకోవచ్చు.

జవాబు (పటమట, విజయవాడ):
నాకు 66 అమ్మా, లెన్సులు వాడుతున్నాను. ఎవరూ చెప్పనిది ఒకటి చెప్తా: కారం. మనది గుంటూరు మిర్చి ఇల్లు కదా! పొద్దున్నే వంటింట్లోకి వెళ్లకముందే పెట్టుకోమను. సాయంత్రం తీసేటప్పుడే అసలు ప్రమాదం. పచ్చిమిర్చి కోసిన ఘాటు ఒక్కసారి కడిగితే పోదు. ఆవకాయ కలిపే రోజైతే నేను లెన్సుల జోలికే పోను.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు ఆంటీ. అమ్మకు ఇంకో భయం, లెన్స్ కంటి వెనక్కి పోతుందేమోనని.

జవాబు (ఆప్టోమెట్రిస్ట్, గవర్నర్‌పేట):
పోదండి. రెప్ప లోపలి పొర మడత తిరిగి కంటి గుడ్డుకే అతుక్కుని ఉంటుంది, వెనక్కి దారే లేదు. మహా అయితే పై రెప్ప కింద దాక్కుంటుంది. కన్ను తడిపే లూబ్రికెంట్ చుక్కలు వేసి, కిందికి చూస్తూ రెప్ప మీద మెల్లగా నిమిరితే వస్తుంది.

భయపడాల్సింది నీళ్లకు. కుళాయి నీళ్లే కాదు, మినరల్ వాటర్ క్యాన్ నీళ్లతోనూ లెన్స్ కడగకూడదు. నీళ్లలో ఉండే అకాంతమీబా అనే క్రిమి నల్లగుడ్డును పాడుచేయగలదు. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, చూపు మసకైనా లెన్స్ తీసేసి అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్లండి. మీకు పెదకాకానిలో శంకర ఉంది, ఇటు విజయవాడ వైపు వాళ్లకు తాడిగడపలో ఎల్‌.వి.ప్రసాద్.

ప్రశ్న (లక్ష్మీపురం, గుంటూరు):
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. నాకు ప్లస్ ఆరు. కళ్లజోడు చీటీ చూపించి లెన్సులు తెప్పించుకోవచ్చా?

జవాబు (ఆప్టోమెట్రిస్ట్, గవర్నర్‌పేట):
వద్దండి. కళ్లజోడు కంటికి కాస్త దూరంలో ఉంటుంది, లెన్స్ కంటిమీదే ఉంటుంది. అందుకే ప్లస్ ఆరు కళ్లజోడుకు లెన్స్ దాదాపు ఆరున్నర పడుతుంది. వంపు కొలత కూడా చీటీలో ఉండదు. విడిగా పరీక్ష చేయించుకోండి, కళ్లు పొడిబారుతున్నాయేమో కూడా చూస్తారు.