రాబర్ట్ బర్డ్ పేరు ఉంచాలా, తీసేయాలా?

పాతకాగితం: వెస్ట్ వర్జీనియా నుంచి 1959–2010 మధ్య 51 ఏళ్లు అమెరికా సెనేటర్‌గా ఉన్నాడు రాబర్ట్ బర్డ్. అక్కడ రోడ్లకీ, భవనాలకీ, గ్రీన్ బ్యాంక్‌లో పెద్ద రేడియో టెలిస్కోప్‌కీ ఆయన పేరే. 1940లలో నల్లజాతివాళ్లపై దాడులకు పేరుమోసిన శ్వేతజాతి ఆధిపత్య సంస్థ కూ క్లక్స్ క్లాన్‌లో పనిచేశాడు కాబట్టి ఆ పేర్లు తీసేయాలని కొందరి వాదన. నేనైతే ఉంచమంటాను. కుర్రతనంలో చేసిన తప్పు అది, తర్వాత చాలాసార్లు ఒప్పుకున్నాడు. 2002లో ఇరాక్ యుద్ధ తీర్మానాన్ని వ్యతిరేకించిన 23 మంది సెనేటర్లలో ఆయనొకడు.

గోదారిగట్టు: కుర్రతనం అనేస్తే ఎలాగండీ? 1943కల్లా బయటికి వచ్చేశానన్నవాడు 1946లో క్లాన్ పెద్దకి ఉత్తరం రాశాడు, సంస్థ అవసరం ఇప్పుడే ఎక్కువని. సరే, అదీ వదిలేద్దాం. 1964 జూన్‌లో జాతి వివక్షను నిషేధించే పౌరహక్కుల బిల్లును అడ్డుకోవడానికి 14 గంటలకు పైగా ఏకబిగిన మాట్లాడినప్పుడు ఆయనకి 46 ఏళ్లు! కాలేజీకి వెళ్లే కుర్రాడు కాదు కదా. 1965 ఓటుహక్కు చట్టానికీ, 1967లో సుప్రీంకోర్టు తొలి నల్లజాతి న్యాయమూర్తిగా థర్గుడ్ మార్షల్‌ నియామకానికీ కూడా వ్యతిరేకంగానే ఓటేశాడు.

పాతకాగితం: 1964 ఓటుకి పశ్చాత్తాపపడ్డానని ఆయనే చెప్పాడుగా. 2008లో ఒబామాకి మద్దతిచ్చాడు. చనిపోయినప్పుడు నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ కూడా సంతాపం తెలిపింది. వాళ్లకి లేని పట్టింపు మనకెందుకు?

గోదారిగట్టు: 2001లో టీవీలో జాతి దూషణ మాట నోటికి వచ్చింది, మళ్లీ క్షమాపణ. మారాడనే నేనూ ఒప్పుకుంటాను. కానీ క్షమించడం వేరు, బోర్డు పెట్టడం వేరు.

నల్లబంగారం: ఇద్దరూ ఆ ఊళ్లవాళ్లని అడగట్లేదు. చిన్నప్పుడే తల్లి చనిపోతే, బొగ్గుగనిలో పనిచేసే బంధువుల ఇంట్లో పెరిగాడు. సెనేట్‌లో నిధుల కేటాయింపుల కమిటీ చేతిలో ఉన్నప్పుడు వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్‌కి ఎఫ్‌బీఐ వేలిముద్రల కేంద్రం తెచ్చుకున్నాడు. అక్కడివాళ్లకి ఆ పేరంటే ఉద్యోగాలే.

గోదారిగట్టు: ఆ ఉద్యోగాలు పన్నుల డబ్బుతో వచ్చాయి, ఆయన జేబులోంచి కాదు. టెలిస్కోప్‌కి గ్రీన్ బ్యాంక్ పేరు చాలు, మిగతావి మీరే చూసుకోండి.

పాతకాగితం: టెలిస్కోప్ వరకు ఒప్పుకున్నాను. రోడ్ల దగ్గర మాత్రం కాదు.