పని జరుగుతున్న మెషీన్ మీద కెర్నల్ ట్రేసింగ్ పెట్టొచ్చా?

పాలకేంద్రం_చిత్తూరు

అన్నలారా, ఈ విషయంలో మా మేనేజర్‌కూ నాకూ మాట కుదరడం లేదు. చిత్తూరు పక్కన ఒక పాల శీతలీకరణ కేంద్రంలో కంప్యూటర్ల పని నేనే చూసుకుంటాను. పొద్దున ఆరున్నరకు వ్యాన్లు వరుస కడతాయి. తూకం, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో కొవ్వు కాని ఘనపదార్థాలు) ఎక్కించి స్లిప్ తీయాలి. మామూలుగా స్లిప్ వెంటనే వస్తుంది, ఆ గంటలో మాత్రం అప్పుడప్పుడు ఆగిపోతుంది. వేసవిలో క్యాన్లు ఎండలో నిలబడితే ఏమవుతుందో మీకు తెలుసు.

మెషీన్ లైనక్స్, పాత హార్డ్ డిస్క్, ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4. ప్రతి ఎంట్రీకీ సాఫ్ట్‌వేర్ ఎఫ్‌సింక్ చేస్తుంది, అంటే డేటా డిస్క్ మీద పడిందని తేలేదాకా ముందుకు పోదు. ఆలస్యం అక్కడే ఉందని నా అనుమానం. నిన్న కెర్నల్ (లైనక్స్‌కు గుండెకాయ లాంటి కోడ్) లోపల ఏం జరుగుతోందో రాసే ఎఫ్‌ట్రేస్‌లో, ఒక్కో ఫంక్షన్‌కు ఎంత సమయం పట్టిందో చూపే ఫంక్షన్ గ్రాఫ్ పెట్టాను. మెషీన్ మొత్తం నత్తనడక పట్టింది, ఐదు నిమిషాలు స్లిప్పులే రాలేదు. మేనేజర్ ఇక ముట్టుకోవద్దన్నారు. ముట్టుకోకుండా కారణం ఎలా తెలుస్తుంది? నాకైతే ట్రేస్ చేయాల్సిందే అనిపిస్తోంది.

లాడ్జి_సర్వర్_తిరుపతి

మీ మేనేజర్ చెప్పిందే సరి తమ్ముడూ. నేను తిరుపతిలో లాడ్జీల బుకింగ్ సర్వర్లు చూస్తాను. బ్రహ్మోత్సవాల వారంలో కెర్నల్ లోపల చేయి పెడతానంటే నేనే ఒప్పుకోను. అదే హార్డ్ డిస్క్, అదే కెర్నల్ ఇంకో మెషీన్‌లో పెట్టి అక్కడ కొలవండి. నడిచే మెషీన్ ప్రయోగశాల కాదు.

ఏర్పేడు_విద్యార్థి

తప్పు ట్రేసింగ్‌ది కాదు అన్నా, ఫిల్టర్ పెట్టకపోవడానిది. ఎఫ్‌ట్రేస్ 2008లోనే, 2.6.27తో కెర్నల్‌లోకి వచ్చింది. ప్రతి ఫంక్షన్ మొదట్లో ఏ పనీ చేయని చిన్న సూచన ఒకటి ఉంటుంది. ట్రేసింగ్ పెట్టినప్పుడే అది ట్రేసర్‌ను పిలిచేదిగా మారుతుంది. ఆపి ఉంచినంతసేపు ఖర్చు దాదాపు లేనట్టే. మీరు ఫిల్టర్ లేకుండా పెట్టారు కాబట్టి వేల ఫంక్షన్లు ఒక్కసారిగా మారాయి. ప్రతి పిలుపుకూ లోపలికి వెళ్లిన సమయం, బయటికి వచ్చిన సమయం రాసుకోవాలంటే పాత మెషీన్ ఏం తట్టుకుంటుంది? ఎఫ్‌సింక్ పని చేసే ఈఎక్స్‌టీ4 సింక్ ఫైల్ అనే ఫంక్షన్ ఒక్కదానికే పెట్టి చూడండి.

పాలకేంద్రం_చిత్తూరు

ట్రేసింగ్ థ్రెష్ పెడితే చాలదా? ఫలానా మైక్రోసెకన్లు దాటినవే రాస్తుంది కదా.

ఏర్పేడు_విద్యార్థి

చాలదు. అది రాసేవాటిని తగ్గిస్తుంది, కొలిచేవాటిని కాదు. ఎంత పట్టిందో తెలిశాకే కదా రాయాలో వద్దో తేల్చేది! ఫిల్టర్ ముందు, థ్రెష్ తరువాత.

రేణిగుంట_పాతకాపు

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. మాకు ఇలాంటిదే వచ్చినప్పుడు ఒకరు నోస్లీప్‌టైమ్ అనే ఆప్షన్ పెట్టి కొలిచి, ఫంక్షన్ క్షణంలో అయిపోతోందని సాఫ్ట్‌వేర్ వాళ్ల మీదికి తోశారు. ఫంక్షన్ గ్రాఫ్ మామూలుగా నిద్రలో గడిపిన సమయాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. ఆ ఆప్షన్ పెడితే ప్రాసెస్ సీపీయూ వదిలేసి ఉన్న సమయం తీసివేస్తుంది. ఎఫ్‌సింక్‌లో ఉన్నదంతా ఎదురుచూపే. దాన్ని తీసేస్తే ఇక కొలిచేది ఏముంది?

లాడ్జి_సర్వర్_తిరుపతి

ఇది నేను ఒప్పుకోను. ఫంక్షన్ చేసిన పని వేరు, డిస్క్ కోసం ఆగింది వేరు. రెండూ కలిపి ఆ ఫంక్షన్ ఇంత తీసుకుంది అంటే చదివేవాడు కెర్నల్‌నే తప్పుపడతాడు.

రేణిగుంట_పాతకాపు

సార్, క్యాన్ దగ్గర నిలబడ్డ రైతుకు ఆ రెండూ వేరు కాదు. ముందు మొత్తం చూడాలి, ఎక్కడ ఆగిందో ఆ తరువాత విడదీయాలి. సగటు మాత్రం చూడొద్దు. 7200 ఆర్‌పీఎం డిస్క్ ఒక చుట్టు తిరగడానికే 8.3 మిల్లీసెకన్లు. అలాంటివి వంద వచ్చి, మధ్యలో ఒకటి సెకను పట్టినా సగటు 20 కూడా దాటదు. వ్యాన్లు ఆగేది ఆ ఒక్కదాని వల్లే. బీపీఎఫ్‌ట్రేస్ అనే ఇంకో ట్రేసింగ్ సాధనంతో హిస్టోగ్రామ్ (ఏ సమయం గడిలో ఎన్ని పిలుపులు పడ్డాయో చూపే పట్టిక) తీయండి, లెక్క కెర్నల్ లోపలే కూడుతుంది, ప్రతి పిలుపూ బయటికి రాయక్కర్లేదు.

ఏర్పేడు_విద్యార్థి

ఒక జాగ్రత్త. ఫంక్షన్ ముగిసే చోట కొలిచే కేరెట్‌ప్రోబ్‌తో తీస్తే ఒకేసారి ఎన్ని పిలుపులను పట్టుకోగలదో దానికి పరిమితి ఉంది. చాలా ప్రాసెస్‌లు ఒకే ఫంక్షన్‌లో నిద్రపోతుంటే కొన్ని లెక్కలోకి రాకుండా పోతాయి. పోయేవి ఆలస్యం ఎక్కువున్న వేళవే కావచ్చు. కెర్నల్ 5.5 లేదా ఆ తరువాతిది అయి, బీటీఎఫ్ (కెర్నల్ డేటా రకాల వివరాలు) ఉంటే, అదే పనికి ఆ పరిమితి లేని ఎఫ్‌ఎగ్జిట్ వాడండి.

లాడ్జి_సర్వర్_తిరుపతి

ఇన్ని జాగ్రత్తలు గుర్తుపెట్టుకోవాలనే నేను స్పేర్ మెషీన్ అంటున్నది.

పాలకేంద్రం_చిత్తూరు

రెండూ చేశాను. సార్ చెప్పినట్టు పాత డిస్క్‌తో ఇంకో మెషీన్ కట్టి, ఎంట్రీలు గంటసేపు ఎక్కించాను. ఎక్కువ భాగం 8 నుంచి 16 మిల్లీసెకన్ల గడిలోనే ఉన్నాయి, ఎక్కడా ఆగలేదు. మేనేజర్‌ను బతిమాలి, ఈ పొద్దున అసలు మెషీన్ మీద ఒక్క ఫంక్షన్‌కే, పది నిమిషాలే పెట్టాను. స్లిప్పులకు ఏ ఇబ్బందీ రాలేదు. హిస్టోగ్రామ్‌లో రెండు గుట్టలు కనిపించాయి, ఒకటి అక్కడే, రెండోది అర సెకను నుంచి సెకను మధ్య.

ఎక్కువ ఆలస్యమైన వాటికి కెర్నల్ స్టాక్ (ఏ ఫంక్షన్ల మీదుగా వెళ్లి ఎక్కడ ఆగిందో చూపే వరుస) తీస్తే అన్నీ జేబీడీ2 లాగ్ వెయిట్ కమిట్‌లో ఆగి ఉన్నాయి. ఫైల్ సిస్టమ్ తన మార్పులను ముందుగా రాసుకునే చిట్టా, అంటే జర్నల్, డిస్క్ మీద పడే కమిట్ కోసం ఎదురుచూస్తున్నాయన్నమాట. ఆ కమిట్‌లో వేరే ఫైళ్ల మార్పులూ కలిసి పోతాయి కదా. ఆ సమయంలో ఇంకేం నడుస్తోందని చూస్తే, సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లు పెట్టిన బ్యాకప్ ఒకటి, సరిగ్గా ఆరున్నరకు డేటాబేస్ మొత్తాన్ని అదే డిస్క్ మీద ఇంకో ఫోల్డర్‌లోకి కాపీ చేస్తోంది! స్పేర్ మెషీన్‌లో ఆ బ్యాకప్ లేదు.

లాడ్జి_సర్వర్_తిరుపతి

ఇది స్పేర్ మెషీన్‌లో దొరికేది కాదు, ఒప్పుకుంటున్నాను. అయినా ముందు అక్కడ పది నిమిషాలు నడిపి చూశాకే అసలుదాని మీద పెట్టాలన్న మాట వదలను. తమ్ముడూ, మీరు వాడిన స్క్రిప్ట్ ఇక్కడ పెట్టండి, పది నిమిషాలకు దానంతట అదే ఆగేట్టు ఉన్నది. రద్దీ లేని రోజు మా దగ్గర కూడా చూస్తాను.

పాలకేంద్రం_చిత్తూరు

పెడతాను సార్. బ్యాకప్‌ను రాత్రి పదకొండుకు మార్చాను. రేపు పొద్దున వ్యాన్లు వచ్చాక మళ్లీ కొలిచి, రెండో గుట్ట పోయిందో లేదో రాస్తాను.