సన్‌స్క్రీన్ మీద సెంటు కొట్టుకోవచ్చా? హెంప్ నూనె ఉన్న క్రీము ఇంట్లో ఉంటే తప్పా?

బెజవాడ_అమ్మాయి: రోజంతా స్కూటీ మీద తిరిగే ఉద్యోగం. సన్‌స్క్రీన్‌లో ఎస్పీఎఫ్ (ఎండ నుంచి కాపాడే అంకె) 30 చాలా, 50 కావాలా? పైన సెంటు కొట్టుకోవచ్చా? అక్క బెంగళూరు నుంచి హెంప్ (గంజాయి జాతి మొక్క) గింజల నూనె ఉన్న సన్‌స్క్రీన్ పంపింది. అమ్మేమో గంజాయి నూనె గడప దాటనివ్వనంటోంది.

మేఘన_కూకట్‌పల్లి: 30, 50 గొడవ వదిలెయ్యి. చర్మాన్ని కాల్చే యూవీబీ కిరణాలని 30 దాదాపు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. ముఖానికీ మెడకీ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండాలి, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. నాకు పార్లర్‌లో జింక్ ఆక్సైడ్‌ది అంటగట్టారు. చెల్లి పెళ్లి ఫొటోలన్నిట్లో పిండి పూసుకున్నట్టు పడ్డాను. ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సీతాఫలం: మెడ మీద సెంటు వద్దమ్మా. నాకు చెవి కింద నుంచి కారినట్టు గోధుమరంగు చారలు వచ్చాయి. సెంటులోని బెర్గమాట్ (ఒక నిమ్మజాతి పండు) తొక్క నూనె వల్ల అన్నారు డాక్టరుగారు. అందులో బెర్గాప్టెన్ అనే పదార్థం ఉంటుంది, దాని మీద ఎండ పడితే చర్మం కమిలిపోతుంది. చున్నీ మీద కొట్టుకో.

చార్మినార్_అత్తరు: తాతగారి కాలం నుంచీ మాది ఇదే వ్యాపారం. అసలైన అత్తరుతో ఈ బాధలుండవు. ఉత్తరప్రదేశ్ కన్నౌజ్‌లో రాగి డేగ్ (బాన)లో పూలు మరిగించి, ఆ ఆవిరిని చందనం నూనెలోకి పట్టిస్తారు. ఆల్కహాల్ చుక్క కూడా ఉండదు.

సీతాఫలం: ఆల్కహాల్ ఊసు నేనెత్తానా? నేను చెప్పింది నిమ్మజాతి తొక్కల నూనె గురించి. అత్తరులో కలిపినా అంతే. పైగా ఇప్పుడు చందనం ధరకి ఎంతమంది లిక్విడ్ పారఫిన్ కలపట్లేదు?

చార్మినార్_అత్తరు: మా దగ్గర కలపం. వచ్చి వాసన చూసి మాట్లాడండి.

ఫార్మసీ_శ్రీను: అమ్మగారికి ఇది చదివి వినిపించండి. 1985 ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు. వాటితో కలవని గింజలు, ఆకులు అందులోకి రావు. గింజల నూనెకి మత్తు రాదు. 2021లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దాన్ని ఆహారంగా కూడా ఒప్పుకుంది.

నర్సీపట్నం_వాసి: చట్టం మీకు కౌంటర్ వెనక కబుర్లు. మా వైపు కుర్రాళ్లు కిరాయి డబ్బుకి ఆశపడి గంజాయి బండి ఎక్కుతున్నారు. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ల జైలు. క్రీము డబ్బా మీద ఆ గంజాయి ఆకు బొమ్మ ఎందుకేస్తున్నారు? ఫ్యాషన్ అనిపించడానికేగా?

ఫార్మసీ_శ్రీను: ఆవిడ అడిగింది క్రీము గురించి బాబూ, బస్తాల గురించి కాదు.

నర్సీపట్నం_వాసి: జైలుకెళ్లినవాడి తల్లితో ఆ మాట అనండి చూద్దాం.

మేఘన_కూకట్‌పల్లి: ఉమ్మెత్త సంగతేంటి మరి? మత్తుమందుల చట్టంలో లేదు, శివుడి పూజకి కోస్తాం. మా పెద్దమ్మ ఊళ్లో పిల్లాడు ఆ గింజలు తిని, నోరెండిపోయి, కన్నతల్లినే గుర్తుపట్టలేదు. అందులో అట్రోపిన్, స్కోపోలమైన్ అనే విషాలుంటాయి. చట్టంలో లేనిదల్లా మంచిదనుకోవద్దు.

బెజవాడ_అమ్మాయి: అమ్మ ఒప్పుకుంది. కానీ డబ్బా మీద ఎస్పీఎఫ్ అంకె ఎక్కడా లేదు!

ఫార్మసీ_శ్రీను: అయితే అది సన్‌స్క్రీన్ కింద లెక్క కాదు. రాత్రిళ్లు చేతులకి రాసుకోండి. ఎండకి మాత్రం ఎస్పీఎఫ్ అంకెతో పాటు, యూవీఏ (చర్మం లోతుకి దిగే కిరణాలు) కోసం డబ్బా మీద పీఏ అన్న అక్షరాల పక్కన కనీసం మూడు ప్లస్ గుర్తులున్నది కొనండి.