మత్తిచ్చి పట్టిన పులి నుంచి రక్తం తీసి దాచాలా, వద్దా?

సిరోంచ_గట్టు:
మా గడ్చిరోలి, చంద్రపూర్ వైపు ఊళ్ల మీదికొచ్చిన పులికి మత్తు సూది కొట్టి పట్టుకోవడం కొత్తేమీ కాదు. పట్టినప్పుడల్లా కాస్త రక్తం తీసి జన్యు పరిశోధన కోసం భద్రం చేయాలని నేనంటాను. మా మిత్రుడు మాత్రం అసలే బెదిరిన జంతువుని ఇంకా ఎందుకు గుచ్చడం అంటాడు. మీరేమంటారు?

బల్లార్షా_బాబాయ్:
మీ మిత్రుడిదే రైటు. 2025లో వచ్చిన ఏనుగుల లెక్క, 22,446, చాలావరకు లద్దెలోంచి డీఎన్ఏ తీసి కట్టిందే. పులికీ మలం, వెంట్రుకలు చాలు. ఎండాకాలంలో మత్తులో పడున్న పులికి ఒళ్లు కాలిపోతుంటుంది, తొందరగా లేపాల్సింది పోయి ట్యూబులు పట్టుకుని కూర్చుంటారా?

పర్లాకిమిడి_పశువైద్యం:
బాబాయ్ గారూ, తొందర నిజమే, కానీ ఎలాగూ ఊపిరి, ఒంటి వేడి చూస్తూ పక్కనే ఉంటాం కదా, ఆ కాసేపట్లోనే తోక నరం నుంచి 10 మి.లీ. తీసేయొచ్చు. ఆరోగ్యంగా ఉన్న జంతువుకి ఒంటి బరువులో 1 శాతం దాకా తీసినా ఫర్వాలేదని మా లెక్క, అంటే 150 కిలోల పులికి లీటరున్నర. మలంలో డీఎన్ఏ ముక్కలైపోయి ఉంటుంది. ఏ పులి, ఆడా మగా, ఎవరి పిల్ల అన్నంతవరకు సరిపోతుంది, మొత్తం జన్యుపటం చదవాలంటే రక్తమే నయం. అసలు సంగతి సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే నీరు, పాత జబ్బుల ఆనవాళ్లు అందులో దొరుకుతాయి. 1994లో టాంజానియాలోని సెరెంగెటిలో కుక్కలకొచ్చే డిస్టెంపర్ సోకి వెయ్యి దాకా సింహాలు పోయాయి, అంతకుముందు ఏళ్లలో తీసి దాచిన సీరం ఉండబట్టే ఆ జబ్బు జాడ వెనక్కి వెళ్లి వెతకగలిగారు. మన గిర్ సింహాల్లోనూ 2018లో అదే వైరస్ బయటపడింది. చంద్రపూర్ దగ్గర తాడోబా పులుల అడవి చుట్టూ ఊళ్లలో కుక్కలకేం కొదవా?

మహేంద్రగిరి_నీడ:
తీయడం సరే, దాచేదెవరు? ఒక ఆఫీసు ఫ్రిజ్‌లో టీకా సీసాల పక్కన పేర్లు చెరిగిపోయిన ట్యూబులు చూశాను, ఏ జంతువువో అక్కడెవరికీ తెలీదు. కరెంటు పోయి ఎన్నిసార్లు కరిగాయో దేవుడికే ఎరుక.

పర్లాకిమిడి_పశువైద్యం:
అన్నీ ఒకే ట్యూబులో పట్టి ఫ్రిజ్‌లో పడేస్తే అంతే మరి. డీఎన్ఏకి ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబు (రక్తం గడ్డ కట్టకుండా మందుంటుంది), తలకిందులు చేస్తూ నెమ్మదిగా కలపాలి, గట్టిగా ఊపకూడదు. సీరానికి ఎర్రమూత ట్యూబు. గడ్డ కట్టాక పైకి తేలిన సీరం వేరు చేసి అప్పుడు ఫ్రీజర్లో పెట్టాలి. రక్తాన్ని నేరుగా పెడితే ఎర్రకణాలు పగిలి సీరం పాడైపోతుంది. డీఎన్ఏ వరకైతే ఎఫ్‌టీఏ కార్డు (డీఎన్ఏని కాపాడే మందు పట్టించిన కాగితం) మీద చుక్కలేసి ఆరబెట్టినా నిలుస్తుంది, దానికి కరెంటుతో పనే లేదు. (పక్షులకి ఒక్క చుక్క చాలు, వాటి ఎర్రకణాల్లో డీఎన్ఏ ఉండే కేంద్రకం ఉంటుంది. పులికి తెల్లకణాలే దిక్కు.)

బల్లార్షా_బాబాయ్:
సరే, పట్టిన పులికి తీయండి. రేపు రక్తం కోసమే పట్టరని నమ్మకమేంటి?

సిరోంచ_గట్టు:
పెద్దపులి 1972 వన్యప్రాణుల రక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు బాబాయ్, పరిశోధన పేరు చెప్పినా అనుమతి లేకుండా ముట్టుకోవడానికి లేదు. రక్తం కోసమే పట్టడానికి నేనూ ఒప్పుకోను. నా టెన్షన్ వేరే: తాడోబా పులులు కాగజ్‌నగర్ అడవుల దాకా పోతాయి. తల్లి రక్తం నాగ్‌పూర్‌లో, పిల్లది హైదరాబాద్ అత్తాపూర్‌లోని వన్యప్రాణుల జన్యు ల్యాబ్ లాకోన్స్‌లో ఉండి, రెండుచోట్లా నంబర్లు వేరైతే వాటి చుట్టరికం తేల్చేదెవరు?

మహేంద్రగిరి_నీడ:
నేనడిగిందీ అదే. తేదీ, బీటు (అడవిలో ఏ భాగమో), జీపీఎస్, ఇచ్చిన మందు, డోసు, ఇవన్నీ రాసిన కాగితం ట్యూబు వెంట వెళ్తేనే నేను తీయమంటాను. లేకపోతే బాబాయ్ పక్షమే.